రిమార్కుల కాలమ్‌లో నేను రాసింది

"మీరు ఇతరుల సహాయం లేకుండా ఒంటరిగా జీవించగలరా?"

నేను పదకొండేండ్లు పనిచేసిన బిల్డింగులో ప్రతి ఇంటోళ్లనూ ఏడాదికి ఒకసారి ఈ ప్రశ్న అడగాలె. అడిగేది నేనే, జవాబు రాసేది నేనే. కొత్తగా నౌకరీలో చేరి, కంప్యూటర్ ముందు కూర్చుని, 'అవును' కాడ ఒక నొక్కు, 'కాదు' కాడ ఒక నొక్కు నొక్కుతున్న పిల్లలు ఉంటరు గదా, మీ కోసమే ఇది రాస్తున్న. నీతి చెప్పటానికి కాదు. అప్పుడు వచ్చిన కోపం రిటైరైనా పోలేదు, అందుకు.

ముందు బిల్డింగు సంగతి చెప్త. మట్టెవాడ బస్తీకి దగ్గర్లనే, మూడంతస్తులు, ముప్పై నాలుగు ఫ్లాట్లు. ఫ్లాటంటే ఒక గది, గోడకు ఆనుకుని వంటగట్టు, వెనక బాత్రూం. అరవై దాటి, సొంత ఇల్లు లేనోళ్లకు తక్కువ కిరాయికి ఇచ్చేది. స్థలం సర్కారుది, కట్టి నడిపేది ఒక సంస్థ. వృద్ధాశ్రమం అంటే మావాళ్లకు ఒళ్లు మండేది. ఆశ్రమంలో గంట కొడితే తినాలె, ఇంకో గంట కొడితే పండాలె. ఇక్కడ ఎవరి తాళం వాళ్లది, ఎవరి పొయ్యి వాళ్లది. మిల్లులో చేసినోళ్లు, బీడీలు చుట్టినోళ్లు, బస్సు నడిపిన డ్రైవరు, ప్రైవేటు బడిలో చెప్పిన టీచరమ్మ, ఇట్లాంటి వాళ్లు ఉండేది. నేను కేర్‌టేకర్. నల్లా కారినా, కరెంటు పోయినా, ఇద్దరు మాట్లాడుకోవుడు బంద్ చేసినా నా టేబుల్ కాడికే వచ్చేది.

రెండో అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లలో ఇద్దరు ఉండేటోళ్లు. ఒకాయన దర్జీ. నలభై ఏండ్లు ప్యాంట్లు, సఫారీలు కుట్టిండు. అందరూ మాస్టర్ సాబ్ అనేటోళ్లు. పిల్లలు లేరు, భార్య పోయింది. నీటికాసులతోని చూపు దాదాపు పోయింది. వెలుగు, నీడ తెలుస్తది, అంతే. ఎదురింటి ఆమె మిర్చి మార్కెట్లో తొడిమెలు తీసి, గింజలు చెరిగి బతికిన మనిషి. ఆమెను నేను పెద్దమ్మ అనేది. ఒక్కడే కొడుకు, పెండ్లయిన మూడేండ్లకు పోయిండు. కోడలికి తనే సంబంధం చూసి మళ్ల పెండ్లి చేసి పంపింది. "దాని బతుకు దానిది, నా కాడ కూసోని ఏం జేస్తది" అన్న మనిషి. కీళ్లవాతంతో ఆమె వేళ్లు కొంకర్లు పోయినయి. చెంచా పట్టుకోవటం కూడా కష్టమే. కండ్లు మాత్రం గద్ద కండ్లు.

వీళ్లిద్దరూ కలిసి వండుకునేటోళ్లు. ఎప్పుడు, ఎట్ల మొదలైందో నాకు తెల్వదు. పొద్దున పదిగంటలకు పెద్దమ్మ ఎదురింట్లకు పోయి స్టూలు మీద కూర్చునేది. మాస్టర్ సాబ్ వంటగట్టు కాడ నిలబడేటోడు. చిక్కుడుకాయ ఈనె తీసుడు, ఉల్లిగడ్డ తరుగుడు అన్నీ ఆయనే. బట్ట కత్తిరించిన వేళ్లు, ఒక్క ముక్క పెద్దది కాదు, ఒక్కటి చిన్నది కాదు. పెద్దమ్మ కూర్చున్నకాడి నుంచే నడిపించేది.

"ఎర్రగైంది, ఇగ టమాట వెయ్యి. ఆగు ఆగు, గది కారం డబ్బ గాదు, పసుపు."

"వాసన సూసే తీసిన అక్కా, పసుపే."

"నీ ముక్కును నమ్ముకుంటె పోయిన వారం చాయ్‌ల ఇంగువ పడ్డది."

మందు గోలీల సంగతీ అంతే. రంగు చూసి ఏ అట్టనో ఆమె చెప్తది, చింపేది ఆయన. ఆమెకొకటి, ఆయనకొకటి. తిట్లు మాత్రం అన్నీ ఆయనకే. ఆ కారిడార్ల నడిచినప్పుడల్లా ఆ తిట్లు వినొస్తుంటే నాకు అంతా మంచిగనే ఉన్నదని అర్థం.

ఇగ ఆ ఫారం. దాని పేరు స్వయం జీవన యోగ్యతా పత్రం. ఎనిమిది ప్రశ్నలు. స్వయంగా వండుకోగలరా, స్వయంగా మందులు వేసుకోగలరా, ఇట్ల. ప్రతిదానికి అవును, కాదు. కింద ఖాళీగా రిమార్కుల కాలమ్. మొదటి పదేండ్లు నేను టేబుల్ కాడ కూర్చుని అందరికీ 'అవును' కొట్టి పంపిన. ఎవరూ చూడలే, ఎవరూ అడగలే.

అప్పుడు సంస్థకు కొత్త సెక్రటరీ వచ్చిండు. నా కన్నా చాలా చిన్నోడు, మాట మెత్తన. నన్ను పిలిపించి కుర్చీ వేసి కూర్చోబెట్టిండు. పదేండ్ల నౌకరీలో ఆ ఆఫీసులో కుర్చీ దొరుకుడు అదే మొదలు.

"మేడం, మీ ఫారాలన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. గ్రౌండ్ రియాలిటీ రాయండి. ఎవరికి ఏం ఇబ్బందో తెలిస్తేనే కదా మనం సపోర్ట్ ఇచ్చేది" అన్నడు.

నేను నమ్మిన. వారానికి రెండుసార్లు ఒక నర్సు వస్తదేమో, కంటికి, కీళ్లకు ఏదన్న మందులు వస్తయేమో అనుకున్న. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలె. చిన్నప్పటి నుంచి నా రాత మీద నాకు మురిపెం. ఉత్తరాలు మంచిగ రాస్తవని చుట్టుపక్కల అందరూ అనేటోళ్లు. రిమార్కుల కాలమ్‌లో ఇన్నేండ్లకు రాయమని ఒకరు అడిగేసరికి కలం ఆగలేదు. ముందు వాళ్లిద్దరి ఫారాలు తీసుకుని, 'స్వయంగా వండుకోగలరా' కాడ 'కాదు' కొట్టి, కింద ఇట్ల రాసిన: "ఎదురు ఫ్లాటులోని వారి సహాయంతో వంట చేసుకుంటారు. ఒకరు చూస్తారు, ఒకరు చేస్తారు. ఇద్దరూ కలిస్తే ఒక నిండు మనిషి. చూడముచ్చటగా ఉంటుంది." రాసి రెండుసార్లు చదువుకుని సంబరపడ్డ. మిగతా ముప్పై రెండు ఫారాలు తర్వాత రాద్దామని పక్కకు పెట్టి, ఆ రెండు నమూనాగా పంపిన.

పదిరోజులకు తనిఖీ అని ఫోనొచ్చింది.

వచ్చింది ముగ్గురు. సెక్రటరీ, ఒక డాక్టరమ్మ, ట్యాబ్ పట్టుకున్న క్లర్కు. ముందు దారిల ఉన్నదని కింద ఫ్లాట్లో భార్యాభర్తల కాడికి పోయినం. ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆమెకు చెవులు వినిపించవు. ఆయన మంచం మీద కూర్చుని సైగ చేస్తే ఆమె చేస్తది. రెండు నిమిషాల్లో అయిపోయింది. "దంపతులు, ఒక యూనిట్ కింద లెక్క. అవును కొట్టు" అన్నడు సెక్రటరీ. నాకు గుండె నిమ్మళమైంది. ఇట్లనే చూస్తరన్నమాట అనుకున్న.

పైకి పోయినంక సెక్రటరీ ఒక మాట చెప్పిండు. "ఒకరి ఇంట్లకు ఇంకొకరు రావద్దు. విడివిడిగా చూడాలె."

మాస్టర్ సాబ్ ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని తయారుగా ఉన్నడు. చాయ్ చెయ్యమన్నరు. చాయ్ ఆయనకు ఒక లెక్కనా? గిన్నె కుడి పక్క, చాయ్‌పత్తి డబ్బ ఎడమ పక్క, లైటర్ పొయ్యికి జానెడు దూరంలో, అన్నీ చేతికి తెలుసు. కానీ లోపలికి వస్తనే సెక్రటరీ తన బ్యాగు తీసి వంటగట్టు మీద పెట్టిండు. అది లైటర్ మీద కూర్చున్నది. మాస్టర్ సాబ్ చెయ్యి లైటర్ కోసం పోయి బ్యాగుకు తగిలింది. ఏందో తెలువక చెయ్యి వెనక్కి గుంజుకున్నడు. మోచెయ్యి తగిలి పాలగిన్నె కింద పడ్డది. పాలు లాల్చీ మీద, కాళ్ల మీద, ఆ సారు బూట్ల మీద.

నేను అంతా చూసిన. బ్యాగు పెట్టినప్పుడే చూసిన. "సార్, బ్యాగు తియ్యండి" అనటానికి ఎంతసేపు? మూడు మాటలు. నా నోరు లేవలే. ఎందుకు లేవలేదంటే, ఆయన నాకు కుర్చీ వేసిండు కదా, అందుకు. ఇంతకన్న మంచి కారణం నా కాడ లేదు.

ఎదురు తలుపు కాడ నిలబడి పెద్దమ్మ అరుస్తాంది. "గా సంచి తియ్యుమనుండ్రి! లైటర్ మీద పెట్టిండ్రు సంచి!" ఆమెను ఎవరూ వినలే. క్లర్కు 'కాదు' నొక్కిండు.

తర్వాత పెద్దమ్మ వంతు. గోలీల అట్ట ఇచ్చి ఒక గోలి తియ్యమన్నరు. ఆమె అట్టను రెండు చేతుల నడుమ అదిమి పట్టి, నోటికాడికి తెచ్చుకుని పండ్లతో చింపింది. గోలి అరచేతిలో పడ్డది. గెలిచినట్టు చూసింది.

"పండ్లతోని కాదమ్మా. చేతులతోని తియ్యాలె" అన్నడు సెక్రటరీ.

"గోలి కడుపులకు పోతె సాలదా సారు? ఎట్ల తీస్తె ఏంది?"

"తనిఖీ ఫారంలో చేతులని ఉన్నది."

అప్పుడు వచ్చింది నాకు నోరు. "సార్, కింద ఆ ఇద్దరిని ఒక్క యూనిట్ అన్నరు కదా. వీళ్లను కూడా కలిపి చూడండి. కలిపి చూస్తే అన్నిటికీ అవునే."

"వాళ్లు దంపతులు. వీళ్లెవరు ఒకరికొకరు?"

కారిడార్ల చూస్తానికి వచ్చినోళ్లు పదిమంది దాకా ఉన్నరు. ఎవరో వెనకనుంచి "అయితే నిఖా చేసేద్దాం సార్" అన్నరు. అందరూ నవ్విండ్రు. పెద్దమ్మ మొఖం ముడుచుకోలే. "వంటొచ్చిన మొగుడు దొరికేదుంటే యాభై ఏండ్ల కింద దొరకాలె. ఇప్పుడు దొరికి ఏం లాభం?" అన్నది. సెక్రటరీ కూడా నవ్విండు. డాక్టరమ్మ నవ్వుకుంటనే కిటికీ దిక్కు తిరిగింది. మంచిగ నవ్వుకుని, నా ఆఫీసుల చాయ్ తాగి, ఇద్దరికీ 'అయోగ్యులు' అని రాసుకుని పోయిండ్రు. కథల్లోనైతే ఇట్లాంటి మాటకు ఆఫీసర్ల మనసు కరుగుతది. మా ఆఫీసరుకు మాట నచ్చింది, అంతవరకే.

నాలుగోనాడు నోటీసులు వచ్చినయి. ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలె. బంధువుల కాడికన్న పోవాలె, లేకుంటే సంస్థ నడిపే ఇంకో ఊరి ఆశ్రమానికన్న పోవాలె. బస్సులో మూడు గంటల దూరం.

మాస్టర్ సాబ్ నోటీసు పట్టుకుని నా టేబుల్ కాడికి వచ్చిండు. గోడ పట్టుకుంట, మెట్లు లెక్కపెట్టుకుంట వచ్చిండు. "జర చదివి పెట్టమ్మా" అన్నడు. చదివిన. అయిపోయిందనుకుని మడతపెట్టబోతే "ఇంకో కాయితం కూడ ఉన్నట్టుందిగా, రెండు కాయితాల బరువున్నది" అన్నడు.

ఉన్నది. 'కారణం' అని నా ఫారమే జిరాక్సు తీసి జోడించిండ్రు. నా చేతిరాత. చదవక తప్పలేదు. ఒకరు చూస్తారు, ఒకరు చేస్తారు. ఇద్దరూ కలిస్తే ఒక నిండు మనిషి. చూడముచ్చటగా ఉంటుంది. నా నోటితో నేనే చదివిన.

"ఎవరు రాసిన్రమ్మా?"

"నేనే మాస్టర్ సాబ్."

ఆయన కాయితాలు తీసుకుని మడత పెట్టుకున్నడు. తర్వాత "బాగ రాసినవ్" అన్నడు. ఎత్తిపొడుపు కాదు. ఒక పనోడు ఇంకొకరి పనితనం చూసి అన్నట్టే అన్నడు. తిట్టినా బాగుండు. లేచి మళ్ల గోడ పట్టుకుని పోయిండు.

నేను సంస్థ ఆఫీసుకు మూడుసార్లు తిరిగిన. మొదటిసారి "రూల్ మేడం" అన్నరు. రెండోసారి "మీరే కదా రాసిండ్రు" అన్నరు. మూడోసారి కుర్చీ కూడా వెయ్యలే. ముప్పై రోజులు గడవకముందే మాస్టర్ సాబ్ తయారైండు. ఒకరు బలవంతంగా బయటికి పంపేదాక ఉండటం ఆయనకు ఇష్టం లేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక చేతిసంచి. కత్తెర పాతబట్టలో చుట్టి పెద్దమ్మ చేతిలో పెట్టబోయిండు. ఆమె తీసుకోలే. "నా చేతులు గది పడ్తయా? నీ కాడనే పెట్టుకో. కుట్టుకోవాల్సి వస్తది" అని తలుపేసుకున్నది. ఆటో గేటు దాటేదాక తలుపు తియ్యలే.

పెద్దమ్మ నోటీసు మాత్రం ఆగింది. దయతో కాదు. ఆ ఆశ్రమంలో ఆడోళ్లకు మంచం ఖాళీ లేదట. ఖాళీ అయినంక పంపుతమన్నరు.

ఆ నెల పెద్దమ్మకు పక్కింటోళ్లే తిండి పెట్టిండ్రు. కింద ఫ్లాటు చెవుడు ఆమె రొట్టె పంపేది, టీచరమ్మ పప్పు తెచ్చేది. అయినా మనిషి ఎండిపోయింది. ఏందని అడిగిన. "అందరు మంచిగనే పెడ్తాండ్రు బిడ్డా. పెట్టినోళ్లను తిట్టరాదు గదా. ఏది పెడితె అది మంచిగున్నదనాలె. దినమంత మంచిగున్నది, మంచిగున్నది అనంగ నోరు సచ్చిపోతాంది" అన్నది.

నేను ఒక ఆదివారం ఆ ఆశ్రమానికి పోయిన. పెద్దమ్మ చింతకాయ తొక్కు పంపింది. తప్పు పట్టటానికి ఏం లేదక్కడ, నిజం చెప్తున్న. గచ్చు అద్దం లెక్క ఉన్నది, ఫ్యాన్లు తిరుగుతున్నయి, టైంకు భోజనం. మాస్టర్ సాబ్ మంచం మీద కూర్చుని ఉన్నడు. రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆ చేతులు ఊకె ఉండగా నేను అంతకుముందు ఎన్నడూ చూడలే.

"ఎట్లున్నరు?" అన్న.

"అన్నీ చేసి పెడ్తరమ్మా. నన్నే ఏం చెయ్యనియ్యరు."

కూరగాయలు కోస్తనని అడిగిండట. వేళ్లు తెగుతయి వద్దన్నరట. ఊడిన గుండీలు కుడతనన్నడట. వచ్చినరోజే కత్తెర, సూదులు తీసుకుని బీరువాలో పెట్టిండ్రట, అక్కడి రూలు. తొక్కు డబ్బ మూత తీసి ఇంత నాలుక మీద పెట్టుకున్నడు. "ఉప్పు తక్కువైంది. ఎవరు నూరిన్రు?" అన్నడు. అంతదాక బాగున్న నేను అక్కడ ఏడ్చిన. ఆయనకు కనబడదని చప్పుడు కాకుండ ఏడ్చిన. ఆయనకు తెలిసింది, తెలిసి "బస్సు టైమైతుందేమో చూడు" అన్నడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు నామీద వచ్చిన కోపం కాస్త వేరే దిక్కు తిరిగింది. నేను నిజం రాసినందుకే ఇట్లైందని అప్పటిదాక కుమిలిన. ఆలోచిస్తే నేను నిజమన్న పూర్తిగ రాసిన్నా? ఇద్దరి నిజం రాసి కూర్చున్న. మిగిలినోళ్లంత ఒంటరిగా బతుకుతున్నరా? డ్రైవరన్నకు ఇన్సులిన్ సూది పొడిచేది టీచరమ్మ. టీచరమ్మకు సిలిండర్ మార్చేది మూడో అంతస్తు మిల్లు కార్మికుడు. ఆ మిల్లాయన రాత్రి దగ్గుతో గోడ కొడితే నీళ్లు కాచిచ్చేది బీడీలమ్మ. ఎవరి తాళం వాళ్లదే కానీ రెండో తాళంచెవి పక్కింట్లనే ఉంటది. ఆ ప్రశ్నకు ముప్పై నాలుగు ఫ్లాట్లలో ఒక్కరూ 'అవును' అనలేరు. మరి ఇద్దరే ఎందుకు పోవాలె?

మిగిలిన ముప్పై రెండు ఫారాలు ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉన్నయి.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగిన. ఈసారి అడగకుండా ఒక్క అక్షరం రాయలే. "నిజం రాస్త. రాస్తే మీకూ నోటీసు రావచ్చు. సంతకం పెడ్తరా?" అని అడిగిన. మొదట సంతకం పెట్టింది ఎవరనుకున్నరు? కింద ఫ్లాటు చెవుడు ఆమె. వాళ్లది అప్పటికే పాసైంది, ఆమెకు పెట్టే అవసరమే లేదు. నేను కాయితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తే చదివి, భర్త దిక్కు చూసింది. ఆయన బాగున్న చెయ్యి లేపి 'పెట్టు' అన్నడు.

డ్రైవరన్న మాత్రం నా మొఖం మీదనే తలుపు వేసిండు. "నీ రాతతోని ఇద్దరు ఆగమైన్రు. ఇప్పుడు బిల్డింగంత ఆగం జేస్తవా? నేను ఎటు పోవాలె? బస్టాండుకా?" లోపలి నుంచి అరుస్తున్నడు. నేనేమంటా? ఆయనన్న దాంట్లో తప్పేమున్నది? తిరిగి పోబోతుంటే పెద్దమ్మ వచ్చింది. తలుపు కొట్టటానికి వేళ్లు రావు కదా, మోచేత్తో కొట్టింది.

"ఏం తమ్మి, పొద్దుగాల సూది ఎవరు పొడిసిన్రు?"

మళ్ల మోచేత్తో కొట్టింది.

"మాస్టరు ఏం తప్పు జేసి పోయిండు? నువ్వు జేస్తలేవా గా తప్పు? దొరకలేవు, గంతే."

తలుపు తెరుచుకోలే. మేం వచ్చేసినం. మర్నాడు పొద్దున్నే డ్రైవరన్న ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి, కలం టేబుల్ మీద విసిరేసి పోయిండు. ఐదుగురు మాత్రం పెట్టలే. వాళ్లను నేను ఏమనను. ఈ వయసులో నెత్తి మీద కప్పు పోతదని భయపడటం తప్పు కాదు. ఆ భయం పెట్టినోళ్లది తప్పు.

ఈసారి రిమార్కులు చిన్నగ రాసిన. మురిపెం లేదు, ముచ్చట లేదు. ఎవరికి ఎవరు ఏం చేస్తరో, అంతే. కట్ట కట్టి తీసుకుపోయి నా చేతులతోనే సెక్రటరీ టేబుల్ మీద పెట్టిన.

ఆయన నాలుగు ఫారాలు తిరగేసిండు. ఐదోది చూసి మొఖం ఎర్రగైంది. "ఏంది మేడం ఇది? బ్లాక్‌మెయిలా?"

"గ్రౌండ్ రియాలిటీ సార్. మీరే రాయమన్నరు."

"ఇట్లైతే బిల్డింగే మూసెయ్యాలె!"

"మీ రూలు ప్రకారం మూసెయ్యాలె. మూస్తరా?"

పక్కన కూర్చున్న డాక్టరమ్మ అప్పటిదాక ఏ మీటింగుల మాట్లాడలే. అప్పుడు మెల్లగా అన్నది: "ఫ్లాట్లు ఖాళీ పడితే సర్కారుకు జవాబు చెప్పుకోవాలె. స్థలం వాపసు అడుగుతరు." అంతే. ఆ ఒక్క మాటతో గదిలో గాలి మారింది. ముసలోళ్ల మీద జాలి పని చెయ్యలే, న్యాయం పని చెయ్యలే. స్థలం పోతదన్న భయం పని చేసింది. రెండు నెలలకు కొత్త ఫారం వచ్చింది. 'స్వయంగా లేదా పొరుగువారి సహాయంతో' అని. మూడు మాటలు కలిపిండ్రు. ఈ మూడు మాటలు కలపటానికి ఒక మనిషిని ఊరు దాటించాల్సి వచ్చింది. నాకేమో మెమో వచ్చింది, 'రిమార్కుల కాలమ్‌ను దుర్వినియోగం చేసినందుకు'.

పెద్దమ్మ నోటీసు రద్దయింది. మాస్టర్ సాబ్ ఫ్లాటు మాత్రం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేసిండ్రు. కింద ఒకటి ఖాళీ అయ్యేదాక ఆయన ఏడు నెలలు ఆ ఆశ్రమంలనే ఉన్నడు. ఇట్లాంటి బిల్డింగుల్లో ఫ్లాట్లు ఎట్ల ఖాళీ అయితయో వేరే చెప్పనక్కర్లేదు.

తిరిగొచ్చిన మనిషి పోయిన మనిషి కాదు. గోడలు కొత్త, గట్టు కొత్త. పొయ్యి కాడికి పోయేటోడు. లైటర్ పట్టుకుని కింద పెట్టేసేటోడు. ఏడు నెలలు 'వద్దు, వద్దు, మీతోని కాదు' అని వినంగ వినంగ ఆయన కూడా నమ్మిండు. నిజంగ అయోగ్యున్ని చేసి పంపిండ్రు. నాకు అన్నిటికన్న మంట దీనికే.

పెద్దమ్మ రోజూ మెట్లు దిగి వచ్చేది. మొదటి వారం ఆయన ఊకె కూర్చున్నడు, ఆమె ఊకె తిట్టింది. రెండోవారం గట్టు మీద ఏది ఎక్కడున్నదో ఆయన చెయ్యికి తెలిసేదాక చెప్పింది. "గిటు. ఇంకొంచెం గిటు. ఆఁ, గదే ఉప్పు డబ్బ. మళ్ల పెట్టు. మళ్ల తియ్యి." మూడోవారం వంకాయ కూర చేసిండ్రు. మాడింది. ఆ వాసన నా ఆఫీసు దాక వచ్చింది, ఆమె తిట్లు కూడా వచ్చినయి. నేను తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుని విన్న.

నేను రిటైరయ్యే ఏడాది సంస్థోళ్లు బిల్డింగు ముందట షామియానా వేసి ఫంక్షన్ చేసిండ్రు. 'పొరుగు తోడు' అని ఒక పథకం మొదలుపెట్టిండ్రట. పెద్ద ఫ్లెక్సీ. దాని మీద మాస్టర్ సాబ్, పెద్దమ్మ వంట చేస్తున్న ఫోటో. వాళ్లను అడిగి తీసిందో లేదో నాకు తెల్వదు. సెక్రటరీకి శాలువ కప్పిండ్రు. ఆయన మైకు పట్టుకుని "ఒకరు చూస్తారు, ఒకరు చేస్తారు. ఇద్దరూ కలిస్తే ఒక నిండు మనిషి" అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. నేను వెనక వరుసలో కూర్చుని ఉన్న. ఒక్క అక్షరం మార్చలే. ఆయనకు అది ఎక్కడ చదివిండో కూడా గుర్తులేదు, నన్ను పందెం కట్టమన్నా కడ్త.

"ఆ ఇద్దరు పెద్దలను వేదిక మీదికి పిలుస్తున్నాం" అన్నడు. ఎవరూ రాలే. మళ్ల పిలిచిండు. నన్ను చూసి సైగ చేసిండు, తీసుకురమ్మని.

పోయిన. తలుపు తెరిచే ఉన్నది. మైకు మాటలు లోపలికి మంచిగనే వినొస్తున్నయి. మాస్టర్ సాబ్ పప్పు ఎనుపుతున్నడు. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని గిన్నెలోకి చూస్తాంది.

"పిలుస్తున్నరు, స్టేజీ మీదికి" అన్న.

"ఎవరు?" అన్నది పెద్దమ్మ, తల తిప్పకుండ.

"సెక్రటరీ సారు. శాలువ కప్పుతరట."

"మాస్టరూ, పోతవా?"

"పోపు పెట్టాలె గదక్కా" అన్నడాయన.

"గదే జెప్పు బిడ్డా. పోపు పెట్టాలె అని జెప్పు."

నేను తిరిగి పోయి, మైకు కాడికి పోయి, అందరు వింటుండగా అదే చెప్పిన. పదకొండేండ్ల నౌకరీలో పై నుంచి వచ్చిన మాటలు ఎన్నో కిందికి మోసిన. కింది మాట ఒక్క అక్షరం మార్చకుండ పైకి మోసింది ఆ ఒక్కనాడే.